ఊఁ కొట్టేవాళ్లుంటేనే కథ

తోలుబొమ్మ అడిగితే జనం బదులు చెబుతారు. రాతి స్తంభం కింద గుడ్డ దూర్చాలంటే చెరో అంచూ పట్టుకునే ఇద్దరు కావాలి. ఒక్క చీర అంచు దిగాలంటే మగ్గం మీద రెండు జతల చేతులు కదలాలి. హిందూపురం, పెనుకొండ, ధర్మవరం దారుల్లో మాటల వెంట ఒక ప్రయాణం.

మా అవ్వ కథ చెప్పడానికి ఒకటే షరతు పెట్టేది. ఊఁ కొట్టాలి. హిందూపురంలో చింతపండు కాలం వస్తే సందులన్నీ పులుపు వాసన. ముందు బుట్ట పెట్టుకుని, చింతకాయ పెంకు కొట్టి గింజ తీస్తా కథ చెప్పేది. రెండు ఊపిర్లసేపు నా నుంచి చప్పుడు లేకపోతే చేతులు ఆగేవి. "నిద్రపోయినావేమిరా?" అనేది. నిజంగానే నిద్రపోయి ఉంటే మరుసటి రోజు కథ కచ్చితంగా నా చివరి ఊఁ దగ్గర్నుంచే మొదలయ్యేది. పుస్తకంలో నెమలీక పెట్టుకున్నట్టు ఆమె నా ఊఁని గుర్తు పెట్టుకునేది.

అన్ని ఊఁలూ ఒకటి కావు. భయపడిన ఊఁ వినబడితే రాక్షసుడు ఇద్దరయ్యేవాడు. అనుమానపు ఊఁ వినబడితే సాక్ష్యానికి ఒక ముసలమ్మ కథలోకి వచ్చేది. నిద్ర మత్తు ఊఁ వచ్చిందంటే రాకుమారికి గబగబా పెళ్లి చేసేసి పంపించేది. ఆ కథలు ఆమెవేనని చాలాకాలం అనుకున్నాను. సగం నావని తెలిసేసరికి ఆమె లేదు.

ఇదే సంగతిని పెద్ద నగరాల గ్యాలరీలు ఆలస్యంగా కనుక్కున్నాయి. 1990లో న్యూయార్క్‌లో రిర్క్రిత్ తిరవనిజ అనే థాయ్ కళాకారుడు తన ప్రదర్శనలో గోడలకు బొమ్మలు తగిలించకుండా పొయ్యి పెట్టాడు. వచ్చినవాళ్లకు నూడుల్స్ వండి వడ్డించాడు. వాళ్లు తిన్నారు, పక్కన నిలబడినవాళ్లతో మాట్లాడుకున్నారు. కళ అదేనన్నాడు. 1998లో ఫ్రెంచి విమర్శకుడు నికొలా బూరియో ఈ ధోరణి మీద పుస్తకమే వేశాడు. కళ అంటే గోడ మీది వస్తువు కాదు, మనుషుల మధ్య పుట్టే సంబంధం అని అందులో వాదించాడు. 2010లో మరీనా అబ్రమోవిచ్ అదే న్యూయార్క్‌లో, ఆధునిక కళల మ్యూజియంలో ఒక కుర్చీలో కూర్చుని, ఎదురు కుర్చీలోకి వచ్చినవాళ్ల కళ్లలోకి నెలల తరబడి చూస్తూ గడిపింది. ఒక్క మాట లేదు. కన్నీళ్లు పెట్టుకున్నవాళ్లు ఉన్నారు.

మా అవ్వ చూసుంటే, "అన్నం పెట్టినాయన మంచోడే. ఆయమ్మ ఏల మాట్లాడదు? ఎవరితోనైనా కోపమా?" అని ఉండేది.

వెక్కిరింతకు చెప్పడం లేదు. ఆ కళాకారులు వెతికింది నిజమైనదాన్నే. కాకపోతే ఆ వెతుకులాటకు అక్కడ ఒక పేరు, ఒక టికెట్టు, ఒక గోడ కావలసి వచ్చాయి. 2022 ఏప్రిల్ నుంచి శ్రీ సత్యసాయి జిల్లాగా పిలుస్తున్న ఈ మూడు పట్టణాల నేల మీద అది పేరు లేకుండానే బతికింది. పేరు లేదు కాబట్టే, పోతున్నప్పుడు కూడా ఎవరూ గమనించడం లేదు.

కేతిగాడి ప్రశ్న

ధర్మవరం మండలంలో నిమ్మలకుంట ఉంది. తోలుబొమ్మల ఊరని చెబితే చాలు, ఎవరైనా దారి చూపిస్తారు. ఈ ఊరి దళవాయి చలపతిరావుకు 2020లో పద్మశ్రీ వచ్చింది. ఆంధ్రప్రదేశ్ తోలుబొమ్మలకు భౌగోళిక గుర్తింపు కూడా ఉంది. ఈ కుటుంబాలు ఇళ్లలో మరాఠీ యాస మాట్లాడతాయి, తెర మీదికి వస్తే తెలుగు. తరాలుగా ఒక భాషలో వంట, ఇంకో భాషలో ఆట. పరాయి భాషలో జనాన్ని నవ్వించగలగాలంటే ఆ జనం మాటను ఎంత చెవిపెట్టి విని ఉండాలో ఆలోచించండి.

మేకతోలు నానబెట్టి, గీకి, లాగి కట్టి ఆరబెడతారు. ఆరాక అది పలకలా బిగుసుకుని వెలుతురు పారేలా అవుతుంది. గీత గీసి, ఉలితో చిన్న చిన్న చిల్లులు కొట్టి నగలు తొడుగుతారు. ఆ చిల్లుల్లోంచి దీపం దూరినప్పుడు రాముడి కిరీటం మెరుస్తుంది. రంగు రెండు వైపులా వేస్తారు. జావా బొమ్మలు చేతిలో పట్టేవి. మనవి మనిషెత్తు. భుజం, మోచేయి, నడుము విడివిడిగా కదులుతాయి. తెర వెనక ఆడవాళ్లు, మగవాళ్లు కలిసే ఆడిస్తారు, కలిసే పాడతారు. సీత మాటలు ఆ ఇంటి కోడలి గొంతులోంచి రావచ్చు. కాళ్ల కింద చెక్కపలకలుంటాయి. యుద్ధం వచ్చిందంటే వాటి మీద దబదబా తొక్కుతారు. మద్దెల, హార్మోనియం, తాళాలు, వాటితోపాటు ఆ పాదాలు.

ఇవన్నీ అన్ని వ్యాసాల్లోనూ ఉండేవే. వాటిలో తక్కువగా కనిపించేది తెరకు ఇవతల జరిగేది.

చిన్నప్పుడు మా ఊళ్లో చూసిన ఒక రాత్రి చెబుతాను. సుందరకాండ. వినాయకుడు వచ్చి పోయాడు, సరస్వతి వచ్చి పోయింది. హనుమంతుడు సముద్రం దాటడానికి ఒళ్లు పెంచుతున్నాడు. అంతలో కేతిగాడు దూరాడు. నల్లటి పొట్టి బొమ్మ, పెద్ద పొట్ట, నోటికి అడ్డులేదు. ఎదురుగా ఇంకో హాస్యపు బొమ్మ, బంగారక్క.

"ఏమ్మే, ఈ ఊర్లో బోర్లెన్ని ఉండాయి?"

"నూటిరవై."

"నీళ్లెన్నిట్లో ఉండాయి?"

"రెండిట్లో."

"మరి మిగతావాట్లో ఏముండాది?"

బంగారక్క నోరు తెరవకముందే చీకట్లో వెనకాల నుంచి ఎవరో అరిచారు: "అప్పు!"

జనం నవ్వు ఆగడానికి చాలాసేపు పట్టింది. కేతిగాడు తెర అంచుదాకా వచ్చి, ఆ గొంతు వచ్చిన వైపు తల తిప్పి, "నీదెంతప్పా?" అన్నాడు. అంకె వచ్చింది. ఇంకోచోటి నుంచి ఇంకో అంకె. చూస్తుండగానే ఊరి అప్పుల చిట్టా తెర ముందు పరుచుకుంది. ఇంట్లో పెళ్లానికి చెప్పని మాట కూడా చీకటి కదా అని కొందరు చెప్పేశారు. హనుమంతుడు పెంచిన ఒళ్లు అట్లాగే పెట్టుకుని పావుగంట ఆగాడు. సీతమ్మ ఇంకో పావుగంట అశోకవనంలోనే ఏడ్చింది. ఎవరికీ అభ్యంతరం లేదు.

ఆ పావుగంట ఏ తాళపత్రంలోనూ లేదు. ద్విపదల్లో లేదు, దళం వాళ్ల నోట్లోనూ అంతకుముందు లేదు. మరుసటి రోజు పక్క ఊళ్లో అదే సుందరకాండ ఆడితే అక్కడ ఇంకేదో వచ్చి ఉంటుంది. ఊళ్లోకి అడుగుపెట్టిన సాయంత్రమే దళం పెద్ద రచ్చకట్ట దగ్గర, టీకొట్టు దగ్గర ఊరికే కూర్చునేవాడు. ఎవరింట్లో పెళ్లి, ఎవరికి ఎవరితో గట్టు తగాదా, ఏ కాంట్రాక్టరు ఎంత తిన్నాడు, అన్నీ చెవిన పడేవి. రాత్రికి అవి కేతిగాడి నోట్లోంచి వచ్చేవి. ఊరు తన మాటలను అప్పిచ్చి, వడ్డీతో తిరిగి తీసుకునేదన్నమాట.

ఏటా సగటున 550 మిల్లీమీటర్ల చుట్టూ మాత్రమే వాన కురిసే నేల ఇది. వాన రాకపోతే విరాటపర్వం ఆడించడం ఇక్కడి ఆనవాయితీ. వాన పడినా పడకపోయినా, ఊరంతా ఒక రాత్రి ఒక్కచోట మేలుకుని ఉండేది. కరువులో జనానికి అన్నిటికన్నా ముందు కరువయ్యేది పక్కవాడి ముఖం చూసే ధైర్యం. దాన్ని ఆ రాత్రి తిరిగిచ్చేది.

మొహమాటం లేకుండా ఒకటి చెప్పాలి. కేతిగాడి హాస్యమంతా ముద్దుగా ఉండేది కాదు. చాలాసార్లు పచ్చి బూతు. బంగారక్క మీద పడే జోకులకు మగవాళ్లు పగలబడి నవ్వుతుంటే ఆడవాళ్లు కొంగు నోటికడ్డం పెట్టుకునేవాళ్లు. నవ్వుకో, ఇబ్బందికో చీకట్లో తెలిసేది కాదు. అయితే బంగారక్క ఊరుకునే మనిషి కాదు, చీపురు అందుకునేది. అప్పుడు ఆడవాళ్ల వైపు నుంచి లేచే కేక వేరు.

ఈ ఆటగాళ్ల బంధువర్గమే ఒకటి 1885లో కడప సీమలోని సురభి గ్రామంలో బొమ్మలను పక్కన పెట్టి, తామే వేషం కట్టి 'కీచకవధ' ఆడింది. సురభి నాటక సమాజం అక్కడ పుట్టింది. బొమ్మలు పోయి మనుషులు వచ్చినా జనం నోరు మూసుకోలేదు. పద్యనాటకంలో పద్యం నచ్చితే "వన్స్ మోర్" కేక. కృష్ణుడు రాయబారం ఆపేసి, అదే పద్యం అదే రాగంలో మళ్లీ అందుకోవాలి. ఇంకా నచ్చితే వేదిక ఎక్కి పదిరూపాయల నోటు చొక్కాకు గుచ్చేవాళ్లు. నాటకాన్ని చూసినవాడికి దాన్ని వెనక్కి తిప్పే హక్కుండేది. బుర్రకథలో కథకుడికి అటొకడు, ఇటొకడు. ఒకడు హాస్యం, ఒకడు రాజకీయం, ఇద్దరి పనీ మాట అడ్డం వేయడమే. అవధానంలోనైతే అప్రస్తుత ప్రసంగానికి ఒక మనిషిని ప్రత్యేకంగా కూర్చోబెడతారు. వంకాయ ధర గురించో, అల్లుడి గురించో అడిగి కవి ఏకాగ్రత చెడగొట్టడం అతని బాధ్యత. పిచ్చాపాటీకి సాహిత్య సభలో కుర్చీ వేసి శాలువా కప్పిన జాతి మనది.

గుడ్డకు రెండో అంచు

హిందూపురం నుంచి లేపాక్షి పదిహేను కిలోమీటర్లు. 16వ శతాబ్దపు వీరభద్రాలయం, పైకప్పు నిండా విజయనగర కాలపు చిత్రాలు. పక్కకు తిరిగిన ముఖాలు, కోసు ముక్కులు, చెంపదాకా సాగిన కళ్లు. నిమ్మలకుంట బొమ్మలను చూసి వచ్చినవాడికి ఇవి తెలిసిన ముఖాల్లాగే ఉంటాయి. రెండింటికీ చుట్టరికం ఉందని కళాచరిత్రకారులూ చెప్పారు. ఎవరు ఎవరికి అన్న, ఎవరు తమ్ముడు అన్నది వాళ్లకే వదిలేద్దాం.

నాకు అక్కడ చిత్రాల కన్నా, వాటి కింద నిలబడే మనుషులను చూడటం ఇష్టం. వేలాడే స్తంభం దగ్గర రోజంతా ఒక తంతు జరుగుతుంది. డెబ్భై స్తంభాల్లో ఇదొక్కటి నేలకు పూర్తిగా ఆనదు. కింద సన్నటి సందుంటుంది. గుడ్డ దూర్చి అటు నుంచి ఇటు లాగితే మంచిదని నమ్మకం. ఒంటరిగా వచ్చినవాడికి ఇది కుదరదు. ఒక అంచు తను పట్టుకుంటే, రెండోది ఎవరు పట్టుకుంటారు? చుట్టూ చూస్తాడు. బెంగళూరు నుంచి వచ్చిన కన్నడ కుటుంబమో, మడకశిర నుంచి వచ్చిన కొత్త జంటో ఉంటారు. "అన్నా, కొంచెం పట్టుకో" అంటాడు. కన్నడలో జవాబొస్తుంది. గుడ్డ ఇటు నుంచి అటు పోతుంది. తర్వాత ఊరేదని మాట కలుస్తుంది. సంచిలోంచి బొరుగుల పొట్లం బయటికొస్తుంది. నూడుల్స్ వండిన ఆ థాయ్ కళాకారుడు ఇది చూస్తే మెచ్చుకుంటాడని నా నమ్మకం. స్తంభం అట్లా ఎందుకుందో శిల్పికే తెలియాలి. అది చేసే పని మాత్రం ముక్కూముఖం తెలియని ఇద్దరి చేత ఒకే గుడ్డ పట్టించడం.

హిందూపురం మాట కూడా అట్లాంటి గుడ్డే. ఒక అంచు తెలుగు, ఒక అంచు కన్నడ, మధ్యలో ఉర్దూ జరీ. మార్కెట్టు యార్డులో ఒకే బేరం మూడు భాషల్లో సాగుతుంది. ఎక్కడ భాష మారిందో బేరమాడేవాళ్లకే తెలియదు.

పెనుకొండలో పలకరింపులు

పెనుకొండ దగ్గర చరిత్ర ఎక్కువ, దాన్ని వినేవాళ్లు తక్కువ. 1565లో రాక్షస తంగడి యుద్ధం ఓడిపోయాక తిరుమలరాయలు హంపీ వదిలి ఇక్కడికి చేరాడు. ఒక మహానగరం మాటలన్నీ మూటగట్టుకుని ఈ కొండ కిందికి వచ్చాయి. రాజభవనం గగన్ మహల్ ఇప్పుడు ఖాళీ. మాటలు మాత్రం దర్గాలో నడుస్తున్నాయి.

13వ శతాబ్దపు సూఫీ బాబా ఫక్రుద్దీన్‌ను చుట్టుపక్కల పల్లెల వాళ్లు బాబయ్య స్వామి అంటారు. ఉరుసుకు మూడు రాష్ట్రాల నుంచి జనం వస్తారు. చక్కెర పంచేవాళ్లలో, తాయెత్తు కట్టించుకునేవాళ్లలో ఎవరు ఏ మతమో బొట్టును బట్టి తప్ప తెలియదు. ఆ బొట్టు కూడా లెక్కలోకి రాదు. ఒకే చెట్టు నీడన రాత్రంతా పడుకున్నవాళ్లు తెల్లారేసరికి ఒకరి కూతురి కష్టం ఒకరు విని ఉంటారు.

ఈ ఊళ్లో జరిగిన ఒక సంభాషణ తెలుగు సాహిత్యానికి మేలు చేసింది. పుట్టపర్తి నారాయణాచార్యులు (1914–1990) పెరిగింది ఇక్కడే. సంప్రదాయ వైష్ణవ పండిత కుటుంబపు పిల్లవాడు. అప్పట్లో ఇక్కడున్న ఆంగ్లేయ అధికారి భార్య పిట్ దొరసాని అతన్ని కూర్చోబెట్టి ఇంగ్లీషు సాహిత్యం నేర్పింది. బడి కాదు, జీతం కాదు, పరీక్ష లేదు. ఇద్దరికీ మధ్య సముద్రమంత దూరం. మడి ఒకవైపు, దొరతనం ఒకవైపు. అయినా షేక్స్‌పియర్ గురించి మాట్లాడుకున్నారు. ఆ పిల్లవాడే మీసాలు రాని వయసులో 'పెనుగొండ లక్ష్మి' రాశాడు. తర్వాత విద్వాన్ పరీక్షకు కూర్చుంటే తన కావ్యమే తనకు పాఠ్యపుస్తకంగా ఎదురైంది. ఈ సంగతి అందరూ చెప్పుకుంటారు. నాకు మాత్రం వాళ్లిద్దరూ కూర్చున్న చోటు కళ్లముందు మెదులుతుంటుంది. అక్కడ ఎవరు ఎవరికి ఏం నేర్పారో పూర్తిగా ఎవరూ రాసిపెట్టలేదు. దొరసాని ఏం నేర్చుకుని పోయిందో అసలే తెలియదు.

ఇప్పుడు పెనుకొండకు కొత్త పరాయివాళ్లు వచ్చారు. ఎర్రమంచి దగ్గర కియా ఫ్యాక్టరీ నుంచి 2019 ఆగస్టులో మొదటి కారు బయటికొచ్చింది. 44వ నంబరు హైవే పొడవునా కొరియన్ అక్షరాల బోర్డులు లేచాయి. అయితే ఉరుసు రాత్రి లాంటిది హైవే మీద ఇంకా జరగలేదు. కొరియన్ హోటల్లో కొరియన్లు, ఉగ్గాని బజ్జీల బండి దగ్గర మనవాళ్లు. మధ్యలో రోడ్డు. దాటడానికి ఒక పిట్ దొరసాని కావాలి. లేదంటే ఒక కేతిగాడు.

మగ్గం గుంటలో

ధర్మవరం పట్టు గురించి షాపుల వాళ్లు చెప్పేది జరీ గురించి. పడుగు ఒక రంగు, పేక ఇంకో రంగు వేసి తెచ్చే నెమలికంఠం గురించి. నేతగాళ్లను అడిగితే ఇంకోటి చెబుతారు. కుట్టు అంచు చీర ఒక్కడి వల్ల కాదు. ఒళ్లు ఒక రంగు, అంచు ఒక రంగు. రెండూ కలిసే చోట పోగు పోగునూ పెనవేయాలి. మూడు నాడెలు ఆడాలి. గుంటలో కూర్చున్న నేతగాడి పక్కన ఇంకొకరు కూర్చుని అవతలి అంచు నాడె విసరాలి. చాలాసార్లు అది భార్య. కొన్ని ఇళ్లలో బడి మానిన పిల్లవాడు. ఆ మాట దాచకూడదు.

పక్కనున్న మనిషి ఒక్క క్షణం పరధ్యానపడితే అంచు ఊడుతుంది. అందుకని మాట ఆగదు. పాల బాకీ, పిల్ల సంబంధం, షావుకారు చెప్పిన మజూరీ. నాడె ఇటు వస్తే ఒక మాట, అటు పోతే బదులు. అలిగిన రోజు చీర నత్తనడక నడుస్తుందని నేతవీధుల్లో వేళాకోళం. వేళాకోళమే అయినా ఆ చీరలో ఒక సంసారపు సంభాషణ నేయబడి ఉంటుంది. కట్టుకున్నవాళ్లకు వినబడదు, అంతే.

మరమగ్గం వచ్చాక ఆ గదిలో మాట చెల్లదు. పక్కవాడు చెవిలో అరిచినా వినబడదు. చేనేతకే వదిలేయాలని కొన్ని రకాలను కేటాయిస్తూ 1985లో కేంద్రం చట్టం చేసింది. అయినా మరమగ్గం చీర చేనేత పేరుతో అమ్ముడవుతూనే ఉంది. అప్పులు పెరిగి ప్రాణాలు తీసుకున్న నేతన్నల వార్తలు ధర్మవరం నుంచి ఎన్నో వచ్చాయి. వాళ్లకు మాట తోడు లేకపోవడం వల్ల ఇట్లా అయిందని అనను. కూలి గిట్టకపోవడం వల్ల అయింది. కూలి గిట్టని ఇంట్లో పక్కపీట మనిషి వేరే పనికి పోతుంది, పీట ఖాళీ అవుతుంది, ఆ ఖాళీతో మాట్లాడటానికి ఏమీ ఉండదు. వరస ఇది.

అరుగు మీద ఎవరు కూర్చున్నారు

పాత రోజులు బాగుండేవని రాసే ఆదివారం వ్యాసాలంటే నాకు పడదు. రచ్చకట్ట మీద అందరూ కూర్చోలేదు. కొందరు కింద నిలబడ్డారు, కొందరు అటువైపు రావడానికే లేదు, ఆడవాళ్లు దూరంగా తలుపు చాటున. మాటకు కులం ఉండేది. ఎవరు ముందు మాట్లాడాలో, ఎవరు ఊఁ మాత్రమే కొట్టాలో ముందే నిర్ణయమైపోయేది. ఊఁ కొట్టడం రెండు రకాలు. కథను నడిపే ఊఁ ఒకటి, చేతులు కట్టుకుని నిలబడ్డ ఊఁ ఒకటి. రెండోదాన్ని తలుచుకుని బెంగపడాల్సిన పనిలేదు.

ఆ రచ్చకట్ట కన్నా తోలుబొమ్మల చీకటే నయం. ఆ చీకట్లో గొంతు మాత్రమే ఉండేది. "అప్పు!" అని అరిచినవాడు పెద్దింటి వాడో, పాలేరో నాకు ఇప్పటికీ తెలియదు.

నిమ్మలకుంటలో ఇప్పుడు ఎక్కువగా చేసేది లాంప్‌షేడ్లు. అదే తోలు, అదే ఉలి, అవే నెమళ్లు, జీవవృక్షాలు. లేపాక్షి ఎంపోరియాల్లో, బెంగళూరు ఇళ్ల హాళ్లలో వెలుగుతున్నాయి. తప్పు పట్టను, ఆ కుటుంబాల పొయ్యి వెలుగుతున్నది వాటి వల్లే. పిల్లల్ని చదివించింది కూడా అవే. ఆటను సినిమా చంపిందని అందరూ అంటారు, నేను పూర్తిగా ఒప్పుకోను. సినిమా హాల్లోనూ మనం ఈలలు వేశాం, కాగితాలు చింపి విసిరాం, తెర మీది మనిషితో మాట్లాడాం. అలవాటు అప్పుడు పోలేదు. ఎవరి తెర వాళ్ల చేతిలోకి వచ్చి, ఎవరి చెవికి వాళ్లు ఇయర్‌ఫోన్ పెట్టుకున్నాక పోయింది. ఆ తెర కూడా రోజంతా మనల్ని ఏవేవో అడుగుతుంది. మనం చెప్పిన బదులుతో కథ మారదు, తర్వాత వచ్చే ప్రకటన మారుతుంది.

నా ఇంట్లోనూ ఒక నిమ్మలకుంట దీపం ఉంది. రాత్రి వెలిగిస్తే గోడ మీద నెమలి పడుతుంది. బాగుంటుంది. ఏమీ అడగదు.

ధర్మవరం స్టేషన్లో దిగితే నిమ్మలకుంటకు ఆటో దొరుకుతుంది. దీపం కొనుక్కోండి, బేరం ఎక్కువ ఆడకండి. దాంతో వెనక్కి రాకండి. ఆట ఆడగలిగినవాళ్లు ఆ ఇళ్లలో ఇంకా ఉన్నారు. మీ ఊరి జాతరకు, ఇంట్లో పెళ్లికి, అపార్టుమెంటు వినాయక చవితికి డీజేకిచ్చే డబ్బులో సగం పెట్టి ఒక రాత్రి పిలిపించండి. ముందు రోజే రమ్మనండి, వీధిలో టీకొట్టు దగ్గర కూర్చోనివ్వండి. మీ సంగతులు వాళ్ల చెవిన పడాలి. వీడియోలు తీసేవాళ్లను వెనక్కి పంపి, పిల్లల్ని ముందు వరసలో చాపల మీద కూర్చోబెట్టండి. లైట్లు ఆర్పేయండి. అర్ధరాత్రి దాటాక కేతిగాడు తెర అంచుకు వచ్చి ఏదో అడుగుతాడు.

బదులు చెప్పండి.